చేతులు కట్టుకున్న కెప్టెన్

పిల్‌బ్రిడ్జ్ గ్రామం,
లండన్ విమానాశ్రయం తూర్పు కంచె పక్కన,
3 అక్టోబరు 1972.

విమాన సంస్థ పెద్దలకు,

అయ్యా,

నా పేరు హెస్టర్ ఇన్‌స్కిప్. పిల్‌బ్రిడ్జ్ బళ్ళో ముప్ఫై ఎనిమిదేళ్ళు చిన్నపిల్లలకి చదువు చెప్పి, నాలుగేళ్ళ కిందట రిటైరయ్యాను. ఫిర్యాదులు రాసే అలవాటు నాకు లేదు. మొన్న బస్సు కంపెనీకి రాసిందీ, అంతకుముందు పోస్టాఫీసుకి రాసిన నాలుగూ ఫిర్యాదులు కావు, సలహాలు. ఇది మాత్రం అచ్చంగా ఫిర్యాదే.

మీ విమానాలు మా ఇంటి మీదుగానే దిగుతాయి. దానికి నాకేం బాధ లేదు. నాకూ, మా పెరట్లో క్యాబేజీలకీ ఆ మోత అలవాటైపోయింది. కానీ నిన్న సాయంత్రం నాలుగింటికి మేడ మీద కిటికీలో నిలబడి, మా ఆయన బతికుండగా గుర్రప్పందాలకి పట్టుకెళ్ళే బైనాక్యులర్స్‌తో చూద్దును కదా, మీ ట్రైడెంట్ విమానం, అదే, మూడు ఇంజన్లూ తోక దగ్గరే పెట్టుకుని తిరుగుతుందే, అది సరిగ్గా మా పొగగొట్టం మీదుగా దిగుతోంది. నడపాల్సిన కెప్టెన్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు! పక్కనున్నాయన చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఇద్దరిలో ఒక్కరి చెయ్యి కూడా స్టీరింగు మీద లేదు.

నా క్లాసులో పిల్లల్ని నేనూ చేతులు కట్టుకుని కూర్చోమనేదాన్ని. కాదనను. కానీ వాళ్ళెవరూ వెనకాల వందమందిని పెట్టుకుని ఆకాశంలోంచి దిగేవాళ్ళు కాదు. పైగా ఆ మనిషేం కుర్రవాడు కాడు. యాభై దాటి ఉంటాయి, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఆ వయసులో ఆ నిర్లక్ష్యం ఏమిటండీ? వెంటనే పిలిచి మందలించండి. మందలించారని నాకు రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
హెస్టర్ ఇన్‌స్కిప్

తా.క.: ఆయన నవ్వుతున్నట్టు కూడా అనిపించింది. అది నేను రుజువు చెయ్యలేను గనక ఫిర్యాదులో చేర్చడం లేదు. మీ చెవిన వేస్తున్నానంతే.

———

ఉత్తర ప్రత్యుత్తరాల విభాగం,
11 అక్టోబరు 1972.

శ్రీమతి ఇన్‌స్కిప్ గారికి,

అమ్మా,

ఈ నెల మూడో తేదీన తమరు రాసిన లేఖ అందింది. అది ఈ కార్యాలయంలో చాలా బల్లల మీదుగా ప్రయాణించి, చివరికి జవాబు నిమిత్తం చేరవలసిన చోటికి చేరింది.

తమరు చూసినది నిజమే. అయితే కెప్టెన్ చేసినది తప్పు కాదు. ట్రైడెంట్ తనంతట తానే నేలకి దిగగల విమానం. కింద నుంచి వచ్చే రేడియో సంకేతాల్ని పట్టుకుని దారి చూసుకుంటుంది, నేల ఎన్ని అడుగుల దూరంలో ఉందో కొలుచుకుంటుంది, చివర్లో ముక్కు కాస్త పైకెత్తి చక్రాలు ఆనిస్తుంది. ఈ పనికి లోపల ఒకే రకం యంత్రాలు మూడున్నాయి. మూడూ ఒకే లెక్క వేస్తాయి. ఒకటి తేడాగా చెబితే మిగతా రెండూ కలిసి దాన్ని పక్కకి తప్పిస్తాయి.

చలికాలంలో పొగమంచు కమ్మి రన్‌వే కనబడకపోయినా ప్రయాణికుల్ని వాళ్ళూళ్ళోనే దింపాలని ఈ ఏర్పాటంతా. మంచు లేని రోజుల్లో కూడా పరీక్ష కోసం, అలవాటు కోసం అలా దింపుతుంటారు. అప్పుడు కెప్టెన్ పని కళ్ళు తెరుచుకుని గమనించడం. చేతులు కట్టుకోవాలని నిబంధన లేదు, కట్టుకోకూడదనీ లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆర్. గదర్‌కోల్

తా.క.: కెప్టెన్ నవ్వలేదని తెలియజేయమన్నారు. ఆయన ముఖమే అంతట.

———

పిల్‌బ్రిడ్జ్,
14 అక్టోబరు 1972.

గదర్‌కోల్ గారికి,

అయ్యా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను, ఒక్కో యంత్రానికి ఒక్కోసారి చొప్పున. ఇద్దరు కలిసి మూడోవాళ్ళని పక్కకి తప్పించడం గురించి మీరు నాకు చెప్పక్కర్లేదు. మా ఊళ్ళో ఏ కమిటీలోనైనా ముగ్గురే ఉంటాం. తప్పించబడ్డ మూడో మనిషిదే సాధారణంగా రైటు. ఆ మూడో మనిషి ఎప్పుడూ నేనే కనక నాకు బాగా తెలుసు.

సరే, అది అలా ఉంచండి. 'పరీక్ష కోసం, అలవాటు కోసం' అని రాశారు చూశారూ, అక్కడ నా గుండె ఆగినంత పనయింది. అంటే మీ యంత్రం ఇంకా నేర్చుకుంటోందన్నమాట! అదీ మా నెత్తిన! కారు నేర్చుకునేవాళ్ళు కూడా ముందోటి వెనకోటి ఎర్రరంగు 'ఎల్' అక్షరం తగిలించుకుని తిరుగుతారు. వాళ్ళ పక్కన తెలిసినవాళ్ళొకరు బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటారు. మీ యంత్రానికి అక్షరమూ లేదు, పక్కన కూర్చున్నాయనేమో చేతులు కట్టుకున్నాడు.

అక్షరాలు రానివాళ్ళతో ముప్ఫై ఎనిమిదేళ్ళు గడిపినదాన్ని. నేర్చుకునే వయసులో ఎవరెలా ప్రవర్తిస్తారో నాకు తెలుసు. నిన్నటిదాకా బుద్ధిగా లెక్కలు చేసినవాడు ఇవాళ ఇంకుబుడ్డి తాగేస్తాడు.

ఇట్లు,
హెస్టర్ ఇన్‌స్కిప్

తా.క.: ఇంకో సంగతి. ఆ విమానం ముందు చక్రం మధ్యలో లేదు. రెండడుగులు పక్కకి జరిగి ఉంది. అది బిగించినవాణ్ణి కూడా మందలించండి.

———

ఉత్తర ప్రత్యుత్తరాల విభాగం,
23 అక్టోబరు 1972.

శ్రీమతి ఇన్‌స్కిప్ గారికి,

అమ్మా,

యంత్రం నేర్చుకునే దశలో లేదని సవినయంగా మనవి. వేలసార్లు దింపి చూసిన తర్వాతే ప్రయాణికులతో దింపుతున్నారు. అది ఇంతవరకు ఇంకు తాగలేదు.

ముందు చక్రం సంగతి. తమరి చూపుకి జోహార్లు. దాన్ని కావాలనే పక్కకి పెట్టారు. ఆ కాలు వెనక్కి కాకుండా పక్కకి ముడుచుకుంటుంది. దానివల్ల ముక్కు కింద పరికరాలకి చోటు మిగిలింది. రన్‌వే నడిమధ్యన పాతిన దీపాల మీద చక్రం ఎక్కి టకటకమని కొట్టుకోదు కూడా.

ఇంతటితో తమ సందేహాలు తీరాయని తలుస్తాను. ఒక్కరి అభ్యంతరానికైతే జవాబు రాస్తే చాలు. వందకి మించి స్థానికులు సంతకాలు చేసి అడిగితే మాత్రం, విచారణ పూర్తయ్యేదాకా ఆ ఊరి మీదుగా యంత్రంతో దించడం ఆపాలని మా పందొమ్మిదో నిబంధన చెబుతోంది. ఇది తమ సమాచారం కోసం మాత్రమే.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆర్. గదర్‌కోల్

తా.క.: చివరి పేరా రాయకుండా ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తోంది. కానీ టైపిస్టు మళ్ళీ కొట్టనంటోంది.

———

పిల్‌బ్రిడ్జ్,
6 నవంబరు 1972.

గదర్‌కోల్ గారికి,

అయ్యా,

పందొమ్మిదో నిబంధన గురించి తెలియజేసినందుకు చాలా కృతజ్ఞతలు. ఇంత సాయం మీ ఆఫీసు నుంచి వస్తుందని నేను అనుకోలేదు.

దీంతోపాటు నూట పధ్నాలుగు సంతకాలు పంపుతున్నాను. శనివారం సాయంత్రం, ఏటా నవంబరు మొదట్లో పండగకి వేసే బాణాసంచా మంట దగ్గర ఊరంతా చేరారు. అందరూ చలికి వణుకుతున్నారు. మైదానం గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చుని, సంతకం చేసినవాళ్ళకే దారి వదిలాను. చాలామంది దేనికని కూడా అడగలేదు. అడిగినవాళ్ళకి, 'మన నెత్తి మీద చేతులు వదిలేసి విమానాలు దింపుతున్నారు, నీకిష్టమేనా?' అన్నాను. ఎవరికిష్టం ఉంటుంది? మా పాస్టరుగారు మాత్రం, 'ఇదంతా దేవుడి మీద భారం వేసినట్టే కదమ్మా' అని నసిగారు. దేవుడి దగ్గర యంత్రాలు మూడు లేవు, ఉన్నదొక్కడే, ఆయన్ని ఎందుకు ఇబ్బంది పెట్టడం అన్నాను. సంతకం చేశారు.

ఇట్లు,
హెస్టర్ ఇన్‌స్కిప్

తా.క.: ఎనభై ఏడో సంతకం పాస్టరుగారి కుక్కది. కాగితం గాలికి గడ్డిలో పడితే బురద కాలేసింది. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మీ విమానాల్ని చూసి అది తోక ఊపుతుంది, దాని అభిప్రాయం వేరు.

———

ఉత్తర ప్రత్యుత్తరాల విభాగం,
20 నవంబరు 1972.

శ్రీమతి ఇన్‌స్కిప్ గారికి,

అమ్మా,

తమరి మహజరు అందింది. పందొమ్మిదో నిబంధన ప్రకారం విచారణ మొదలైంది. అది ఫిబ్రవరి ఆఖరుకి పూర్తవుతుంది. డిసెంబరు ఒకటో తేదీ నుంచి అంతవరకు పిల్‌బ్రిడ్జ్ మీదుగా ఏ విమానమూ యంత్రంతో దిగదు. పొగమంచు పట్టిన రోజుల్లో మా విమానాలు మాంచెస్టరుకో, ఇంకా ఉత్తరానికో వెళ్ళి దిగుతాయి. ప్రయాణికుల్ని రైళ్ళలో లండన్ చేరుస్తాం.

తమరు కోరినది నెరవేరినందుకు అభినందనలు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆర్. గదర్‌కోల్

తా.క.: ఎనభై ఏడో సంతకాన్ని పైఅధికారులు పరిశీలించారు. మొత్తం కాగితంలో స్పష్టంగా ఉన్నది అదొక్కటేనని లెక్కలో చేర్చారు.

మరో తా.క.: కెప్టెన్ కొంచెం నొచ్చుకున్నారు. పొగమంచులో జనాన్ని ఇళ్ళకి చేర్చాలని ఏడేళ్ళుగా ఈ యంత్రంతో కుస్తీ పడుతున్నారాయన. ఇది ఆఫీసు అభిప్రాయం కాదు.

———

పిల్‌బ్రిడ్జ్,
24 నవంబరు 1972.

గదర్‌కోల్ గారూ,

ఆ సంతకాల కాగితం వెనక్కి పంపించెయ్యండి. ఈ ఉత్తరం అందిన రోజే పంపండి.

కారణం చెప్పకపోతే మీరివ్వరు. చెబుతాను. నాకు డోర్కస్ అని ఒక చెల్లెలుంది. ఇరవై ఆరేళ్ళ కిందట గడియారాలు బాగుచేసే ఒకాయన్ని పెళ్ళి చేసుకుని కోపెన్‌హేగన్ వెళ్ళిపోయింది. పదేళ్ళ కిందట డిసెంబరులో మా అమ్మ పోయింది. కబురు తెలిసిన వెంటనే డోర్కస్ విమానం ఎక్కింది. ఇక్కడ లండన్ అంతా పొగమంచు, ఎదురుగా చెయ్యి పెట్టుకుంటే కనబడదు. దాని విమానాన్ని తీసుకెళ్ళి ఎక్కడో ఉత్తరాన దింపారు. పాపం, రెండు రైళ్ళు మారి వచ్చేసరికి అమ్మ మీద మట్టి వేసి గంటన్నర దాటింది. గుమ్మంలో పెట్టె పట్టుకుని నిలబడింది. నేను లోపలికి రమ్మనలేదు. 'రావాలనుకున్నవాళ్ళు ఎలాగైనా వస్తారు' అన్నాను. అది వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

పదేళ్ళు అది నాకు రాయలేదు, నేను దానికి రాయలేదు. మీలాంటి ఆఫీసులన్నిటికీ రాశాను గానీ దానికి రాయలేదండీ. ముందు రాయాల్సింది నేనేనని నాకు తెలుసు. తెలిసీ కలం కదల్లేదు.

నిన్న పోస్టుకార్డు వచ్చింది. 'డిసెంబరు పదహారు, శనివారం మధ్యాహ్నం విమానానికి వస్తున్నాను. ఇంట్లో ఉంటావా?' అంతే. ఉంటానని తంతి ఇచ్చాను. తీరా ఇంటికొచ్చి మీ ఉత్తరం మళ్ళీ చదివితే నేను చేసిన పనేమిటో తెలిసొచ్చింది. డిసెంబరంటే మాకు వారంలో నాలుగు రోజులు పొగమంచే. ఓడలో రమ్మందామంటే అది పార్కులో పడవెక్కినా వాంతి చేసుకునే మనిషి. ఈసారి కూడా దాన్ని ఇక్కడ దింపకుండా తిప్పి పంపితే, అది అక్కణ్ణించి అటే వెళ్ళిపోతుంది. మళ్ళీ రాదు. నాకు తెలుసు, దానికి నా మొండితనమే వచ్చింది. మాకిద్దరికీ అరవై దాటాయి. ఇంకో పదేళ్ళు అలిగి కూర్చునే ఓపిక మాకెక్కడిది?

నేనే మొదలుపెట్టాను, నేనే ఆపమంటున్నాను. ఆపండి.

ఇట్లు,
హెస్టర్ ఇన్‌స్కిప్

తా.క.: కెప్టెన్‌గారిని నా తరఫున చేతులు కట్టుకోమనండి. కావాలంటే నవ్వుకోమనండి కూడా.

———

ఉత్తర ప్రత్యుత్తరాల విభాగం,
30 నవంబరు 1972.

శ్రీమతి ఇన్‌స్కిప్ గారికి,

అమ్మా,

మహజరును ఒక్కరు వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. ఇరవయ్యో నిబంధన ప్రకారం, ముందు సంతకం చేసినవారందరూ, ఒక్కరు కూడా తగ్గకుండా, 'మాకు అభ్యంతరం లేదు' అని మళ్ళీ సంతకం చేయాలి. ఆ కాగితం డిసెంబరు పధ్నాలుగు మధ్యాహ్నం పన్నెండు గంటల లోపల ఈ కార్యాలయానికి చేరితే పదిహేనో తేదీ నుంచి విమానాలు మామూలుగా దిగుతాయి. నూట పదమూడు సరిపోవు.

ఎనభై ఏడో సంతకం కూడా కావాలి. దాన్ని మినహాయించమని నేను వాదించాను. ఒకసారి లెక్కలో చేరినవారిని జాతిభేదం చూపి తొలగించలేమని పైనుంచి జవాబు వచ్చింది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆర్. గదర్‌కోల్

తా.క.: తమరి చెల్లెలి విషయం చదివి చాలా బాధపడ్డానని ఉత్తరంలో రాశాను. ఆఫీసు ఉత్తరాల్లో బాధపడకూడదని పైన కొట్టేశారు. అందుకని ఇక్కడ చేత్తో రాస్తున్నాను. త్వరగా సంతకాలు పట్టండి, అమ్మా.

———

పిల్‌బ్రిడ్జ్,
13 డిసెంబరు 1972.

గదర్‌కోల్ గారికి,

నూట పధ్నాలుగూ ఉన్నాయి. లెక్కపెట్టుకోండి. నేను నాలుగుసార్లు లెక్కపెట్టాను.

మొదటిసారి సంతకాలకి ఒక్క సాయంత్రం పట్టింది. ఈసారి పదకొండు రోజులు తిరిగాను. మంట దగ్గరైతే వాళ్ళే నా దగ్గరికి వచ్చారు. ఇప్పుడు నేనే గడప గడపకీ వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిచోటా ఒకటే పాట. 'ఏం టీచరమ్మా, నెల కిందట విమానాలు నెత్తిన పడతాయన్నావు, ఇప్పుడు పడవా?' రొట్టెల కొట్టాయనైతే సంతకం చేస్తూ, 'ఉండు, మళ్ళీ వచ్చే నెల వద్దంటావేమో, ఇంకో రెండు కాగితాల మీద కూడా పెట్టేస్తా' అన్నాడు. కొట్లో అందరూ పగలబడి నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. నలభై ఒకటో నంబరాయన డెవన్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతే రైలెక్కి వెళ్ళి పట్టుకొచ్చాను. ఆయన్ని కాదు, సంతకాన్ని.

నిన్నటికి నూట పదమూడు. మిగిలింది మిసెస్ బ్లెంకర్న్. మూడిళ్ళ అవతలే ఉంటుంది గానీ, ఆగస్టులో ఊరి కూరగాయల పోటీ అయిన దగ్గర్నుంచీ మాకు మాటల్లేవు. ఆ పోటీకి న్యాయనిర్ణేతని నేను. ఆవిడ గుమ్మడికాయకి రెండో బహుమతి ఇచ్చాను. తలుపు తీసి, వాకిట్లోనే నిలబెట్టి అడిగింది.

'నా గుమ్మడికాయ నీరు పట్టి ఉబ్బిందని అందరి ముందూ అన్నావా, లేదా?'

'అన్నాను.'

'పట్టిందా?'

గదర్‌కోల్ గారూ, పట్టిందనే అందామనుకున్నాను. నాలిక చివరిదాకా వచ్చింది. డోర్కస్ పోస్టుకార్డు కోటు జేబులోనే ఉంది.

'లేదు. అంత మంచి గుమ్మడికాయ నా జన్మలో చూడలేదు. మూడేళ్ళ నుంచీ బహుమతి నీకే వస్తోందని ఒళ్ళు మండి అలా అన్నాను. తప్పు నాదే' అన్నాను.

'ఈ ముక్క ఆగస్టులో చెప్పడానికి నీకేం రోగం?' అంది.

'అలవాటు లేదు' అన్నాను.

లోపలికి రమ్మంది. టీ ఇచ్చింది. సంతకం చేసింది. వెళ్ళేటప్పుడు చెల్లెలికి పెట్టమని సోంపు కేకు కూడా కట్టి ఇచ్చింది. ఇంటికొచ్చి కాసేపు ఏడ్చాను. బాధ కాదు, ఎందుకో తెలియదు.

శనివారం దట్టంగా పొగమంచు పడుతుందని రేడియోలో చెబుతున్నారు. మీ యంత్రాలు మూడూ ఆ ఒక్కరోజు పోట్లాడుకోకుండా చూడండి.

ఇట్లు,
హెస్టర్ ఇన్‌స్కిప్

తా.క.: ఎనభై ఏడో నంబరు ససేమిరా అంది. కాలు పట్టుకుంటే గుర్రుమంది. చివరికి బిస్కట్టు చూపిస్తే రెండు సంతకాలు చేసింది. ఎక్కువది ఎవరికైనా తక్కువైతే వాడుకోండి.

———

లండన్,
19 డిసెంబరు 1972.

హెస్టర్ గారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం కింద గదర్‌కోల్ గారి సంతకం ఉండదు. ఆయన మంచివాడే. మూడో అంతస్తులో ఉంటారు, సంతకం తప్ప ఏమీ రాయరు. మా సంస్థలో ఒక పద్ధతుంది. ఫిర్యాదు వస్తే పెద్ద అధికారి చిన్న అధికారికి పంపుతాడు, ఆయన ఇంకా కిందికి పంపుతాడు. అలా దిగి దిగి చివరికి ఎవరి మీద ఫిర్యాదో వాడి బల్ల మీదే పడుతుంది, 'జవాబు రాసి పైకి పంపు' అని. అందుచేత అక్టోబరు నుంచీ మీకు జవాబులు రాస్తున్నవాణ్ణి నేనే. ఆ చేతులు కట్టుకున్నవాణ్ణి. నా పేరు డెన్‌జిల్ పెన్‌హేల్.

నిజంగానే నేను నవ్వలేదండీ. మా అమ్మ కూడా చిన్నప్పుడు ఇందుకే కొట్టేది.

శనివారం కోపెన్‌హేగన్ విమానం నా వంతు కాదు. అడిగి మార్చుకున్నాను. మీ నూట పధ్నాలుగు సంతకాలు పధ్నాలుగో తేదీ పదకొండున్నరకి చేరాయి. ఆ శనివారం లండన్ మీద మంచు పాలమీగడలా పేరుకుని ఉంది. రెండు వందల అడుగుల ఎత్తులో ఏమీ కనబడలేదు. వందలోనూ లేదు. మీ పొగగొట్టం ఎక్కడుంటుందో నాకు కంఠతా వచ్చు, అయినా కనబడలేదు. చేతులు కట్టుకున్నాను. మీరు నిర్లక్ష్యం అన్నారు గానీ, నేను చేతులు కట్టుకునేది ధీమాతో కాదు. మొదట్లో భయానికి నా చేతులు వాటంతటవే స్టీరింగు మీదికి పోయేవి. యంత్రం సరిగ్గా దింపుతుంటే మధ్యలో దూరి చెడగొట్టేవాణ్ణి. పోకుండా కట్టేసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

చక్రాలు ఆనాయి. వెనకాల ఒకాయన, 'ఎప్పుడు దిగుతాం?' అని అడిగితే దిగేశామని చెప్పారట.

ఆ తర్వాతే మొదలైంది అసలు బాధ. కోపెన్‌హేగన్ నుంచి ఆరు వందల మైళ్ళు రెండు గంటల్లో వచ్చామా, రన్‌వే మీంచి టెర్మినల్‌కి వెళ్ళడానికి గంటంబావు పట్టింది. దారి చూపించడానికి వచ్చిన కారు తప్పిపోయింది. దాన్ని వెతకడానికి పంపిన కారు మా వెనకాల చేరి, మేమే దారి చూపిస్తున్నామనుకుంది. బయటికొస్తే బస్సులు లేవు, టాక్సీలు లేవు. బెంచీ మీద ఒకావిడ పెట్టె పట్టుకుని కూర్చున్నారు. పైనుంచి చూసినప్పుడల్లా మీ కళ్ళకి బైనాక్యులర్సే ఉండేవి గానీ, ఆ గడ్డం పైకెత్తి కూర్చోవడం చూసి చెల్లెలేనని పోల్చుకున్నాను. పిల్‌బ్రిడ్జ్ దారి నాకు తెలుసు, నడిపిస్తాను రండి అన్నాను. కంచె తడుముకుంటూ రెండు మైళ్ళు నడిచాం.

మీ గేటు దగ్గరికి వచ్చాక ఆవిడ ఆగిపోయారు.

'ఇక నావల్ల కాదు. వెనక్కి వెళ్ళిపోతాను' అన్నారు.

'ఇంతదూరం వచ్చి ఇదేంటండీ?' అన్నాను.

'ఆ రోజు దాని మొహం మీరు చూడలేదు. మళ్ళీ అదే మొహంతో తలుపు తీస్తే నేను తట్టుకోలేను.'

ఆఫీసు ఉత్తరాల్లో సంగతులు బయట చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పాను. మీరు పదకొండు రోజులు నూట పధ్నాలుగు మందిని పట్టుకున్నారని, డెవన్ వెళ్ళారని, ఊరంతా నవ్వినా తిరిగారని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. గుమ్మడికాయ గురించి కూడా చెప్పాను.

'హెస్టర్ తప్పు ఒప్పుకుందా?' అన్నారు. 'నోటితోనా?'

'నోటితోనే. వాకిట్లో నిలబడి.'

'ఎవరి దగ్గర?'

'మిసెస్ బ్లెంకర్న్ దగ్గర.'

'ఆవిడ దగ్గరా!' అని ఒక్కసారి గట్టిగా నవ్వి, వెంటనే ముక్కు చీదుకుని, పెట్టె నా చేతిలో పెట్టేసి, వెళ్ళి తలుపు కొట్టారు. తలుపు తెరుచుకునేదాకా చూశాను. ఆ తర్వాతిది నేను చూడాల్సింది కాదని పెట్టె గేటు దగ్గర దింపి వచ్చేశాను.

మీ ఇద్దరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.

ఇట్లు,
డెన్‌జిల్ పెన్‌హేల్

తా.క.: గేటు దగ్గర పావుగంట నిలబడ్డారు. మీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు. మాట తప్పినందుకు ఫిర్యాదు చేస్తే ఎలాగూ నా బల్ల మీదికే వస్తుంది.

———

పిల్‌బ్రిడ్జ్,
21 డిసెంబరు 1972.

డెన్‌జిల్ గారికి, హెస్టర్ రాయునది. ఇక్కడ ఇద్దరమూ క్షేమం.

మీ ఉత్తరం డోర్కస్ పైకి చదివింది, నేను విన్నాను. తా.క. దగ్గర గొంతు తగ్గించి దాటేయబోయింది. లాక్కుని చదువుకున్నాను. ఎలా వచ్చావే అంటే, 'ఎవరో పెద్దమనిషి దారి చూపించాడు' అందే గానీ మీ సంగతి చెప్పలేదు. దానికి మీరెవరో ఇవాళే తెలిసింది.

మూడు నెలల పాటు మిమ్మల్ని మీ చేతే మందలింపజేశాను. క్షమించండి. చూశారా, ఇప్పుడు నాకు అలవాటవుతోంది.

ఇంక నేను చెప్పాల్సింది ఒకటుంది. అది డోర్కస్‌కి చెప్పలేదు, మీకే ముందు చెబుతున్నాను. ఆ సాయంత్రం గేటు దగ్గర అడుగుల చప్పుడు నాకు వినబడింది. అది డోర్కస్ నడకేనని తెలిసిపోయింది. పరుగెత్తుకుని తలుపు దగ్గరికి వచ్చి గడియ మీద చెయ్యి వేశాను. అక్కడే ఆగిపోయాను. తీస్తే ఏమంటుందో, నన్ను చూసి ఎటు తిరుగుతుందో అని భయమేసింది. మీరు గేటు దగ్గర దాన్ని బతిమాలుతున్న పావుగంటా నేను తలుపుకి ఇవతల అలాగే నిలబడి ఉన్నాను. మాటలు అర్థం కాలేదు గానీ, అది నవ్వడం విన్నాను. పదేళ్ళయింది దాని నవ్వు విని. తర్వాత అది తలుపు మీద ఒక్కసారే కొట్టింది, రెండోసారి కొట్టనివ్వలేదు.

ఇద్దరం ఒకరినొకరు చాలాసేపు అలా పట్టుకుని ఉండిపోయాం. నిన్న అమ్మ సమాధి దగ్గరికి కలిసి వెళ్ళొచ్చాం. ఫిబ్రవరి దాకా ఉంటానంటోంది. ఆ తర్వాత సంగతి అడగడానికి ధైర్యం కూడదీసుకుంటున్నాను, రేపు అడుగుతాను.

క్రిస్మస్ రోజు మీకు విమానం లేకపోతే మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి రండి. బాతు వండుతున్నాం.

ఇట్లు,
హెస్టర్ ఇన్‌స్కిప్, డోర్కస్

తా.క.: మీ మీద ఫిర్యాదు ఒకటి మిగిలే ఉంది. పెట్టె గేటు దగ్గర వదిలేసి వెళ్ళారు. అది మాకు మర్నాటి దాకా గుర్తే రాలేదు. అందులో డోర్కస్ నాకోసం తెచ్చిన జున్నుగడ్డని నక్క ఎత్తుకుపోయింది. దీనికి జవాబు ఉత్తరంలో వద్దు, వచ్చి చెప్పండి.